బారాణా తగ్గిన మోకాళ్లు

మా ఆయన సంవత్సరీకం నాడు మా వదిన కింద కూర్చోలేకపోయింది. సూర్యాపేటలో మా ఇంటి ముందుగదిలో చాపలు పరిచాం. వచ్చినవాళ్లందరూ కూర్చున్నారు. ఆమె గోడ పట్టుకుని కొంచెం వంగి, ఆగి, మళ్లీ నిలబడింది. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. తమ్ముడి ఫోటో ముందు అందరూ కింద ఉండగా తానొక్కతే పైన కూర్చోవడం ఆమెకు కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. తంతు ముగిసేదాకా తల ఎత్తలేదు.

ఆమె మా ఆయనకు సొంత అక్క. మిర్యాలగూడలో వాళ్లకు రైస్ మిల్లు ఉంది. పెళ్లయి వెళ్లిన కొత్తలోనే వాళ్ల మామ ఆమెకు వడ్లు చూడటం నేర్పాడు. ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి, రాశి లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు గింజలు తీసి, అరచేతుల మధ్య నలిపి, ఒక గింజ కొరికి, తేమ ఎంత ఉందో, నూక ఎంత వస్తుందో చెప్పేది. తేమ చూసే మెషిన్ వచ్చాక కూడా రైతులు "అమ్మను పిలువుండ్రి" అనేవాళ్లు. ఇప్పుడు పిలిచినా ఆమె రావడం లేదు. ఇల్లు మిల్లు ఆవరణలోనే, మొదటి అంతస్తులో. రెండు సీజన్లుగా ఆమె ట్రాక్టర్లను కిటికీలోంచే చూస్తోంది.

భోజనాలయ్యాక వంటింట్లో స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ అంది:

"ఇగ నా పని ఖతమైంది మరదలా. కూసుంటే లేవలేను, లేస్తే నడవలేను."

"ఒకసారి చూపించుకుంటే ఏమైతది వదినా?"

"ఎవరికి సూపియ్యాలె? కోసెటోళ్లకా? నా తమ్ముడు దవాఖానకు నడుసుకుంట పోయిండు. ఎట్ల తెచ్చిండ్రు?"

నేను చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టాను.

మా ఆయనకు గుండెలో రక్తనాళాలు పూడుకున్నాయని, బైపాస్ చేయించుకోవాలని డాక్టర్లు మొదట చెప్పినప్పుడు ఆయన వేరే దారి వెతికారు. కాళ్లకు పట్టీలు చుట్టి, గాలి నింపుతూ వదులుతూ రక్తాన్ని గుండెకు తోసే మెషిన్ ఒకటి ఉందని ఎవరో చెప్పారు. కోత లేదు, మంచం మీద పడుకుంటే చాలు. అది చేయించుకున్నాక నిజంగానే కొన్నాళ్లు బాగున్నారు. అడుగులు లెక్కపెట్టే వాచీ కొనుక్కుని రోజూ మా ఊరి చెరువు ట్యాంక్‌బండ్ మీద నడిచేవారు. తర్వాత ఆయాసం వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, ఇన్ఫెక్షన్ వచ్చింది, ఇంటికి రాలేదు.

మెషిన్‌ను నమ్మి ఆలస్యం చేయడం వల్లే పోయాడని చుట్టాల్లో సగం మంది, ఆపరేషన్ వల్లే పోయాడని సగం మంది అన్నారు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనదాన్ని. ఏది తెలియకపోయినా చదివితే తెలుస్తుందన్న నమ్మకంతో బతికాను. దీని గురించి దొరికిందంతా చదివాను. చదివినకొద్దీ ఫలానా దానివల్ల అని చెప్పలేనని మాత్రమే తెలిసింది. ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగితే, "ఇంకా ముందు వచ్చుంటే బాగుండేదేమోనమ్మా" అన్నాడు. ఆ 'ఏమో' ఆయన నిజాయితీ అనుకున్నాను. వాచీ నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి చార్జింగ్ పెడతాను.

ఎండలు తగ్గాక వదిన ఫోన్ చేసింది. "ఒక్కదానివి గాడ ఏం జేస్తున్నవ్? జర వచ్చి నా దగ్గర ఉండరాదు" అంది. వెళ్లాను.

వాళ్ల ఇంట్లో ముందుగది సోఫా మీద కూర్చోవాలంటే కొన్ని వస్తువులు తీయాల్సి వచ్చింది. అయస్కాంతాలు కుట్టిన మోకాలి పట్టీ. ఎర్రటి వెలుగు వచ్చే దీపం. పాదాలు లోపల పెడితే వణికించే పెట్టె. మోకాలికి అంటిస్తే కరెంటుతో జిల్లుమనిపించే అట్టముక్కలు. అన్నీ మా అన్నయ్య, అంటే వదిన భర్త, ఫోన్లో చూసి తెప్పించినవి. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భార్య మెట్ల మీద 'అమ్మా' అన్నప్పుడల్లా ఒక కొత్త డబ్బా ఇంటికి వచ్చేది.

"మీ అన్నకు నేను మొత్తుకునేది ఇనపడితే సాలు, ఫోన్ తీస్తడు" అంది వదిన. "ఇంకొన్ని దినాలైతే నన్ను బయట పండవెట్టి మెషిన్లను ఇంట్ల పండవెడతడు."

"నొప్పైతుందని ఒర్లుతవ్, తెస్తే ఎందుకు తెచ్చినవంటవ్" అన్నాడాయన, పేపర్ దించకుండానే.

నేను అన్నీ పెట్టుకుని చూశాను. దీపం వెచ్చగా ఉంది. పాదాల పెట్టె హాయిగా ఉంది. అయస్కాంతాల పట్టీ బిగుతుగా ఉండటం తప్ప ఏమీ చేయలేదు. వదిన ఒక్కోదాన్ని కొన్నాళ్లు నమ్మింది, కొన్నాళ్లు విసుక్కుంది, చివరికి పక్కన పెట్టింది. ఒక్కటి మాత్రం వదలలేదు. అది ఇంట్లో లేదు, బజార్లో ఉంది.

బట్టల దుకాణాల వరుసలో కింది గదుల్లో ఒక థెరపీ సెంటర్ పెట్టారు. వేడెక్కే రాళ్లు బిగించిన మంచాలుంటాయి. పడుకుంటే రాళ్లు మెడ నుంచి నడుము దాకా దొర్లుతాయి. రోజూ ఉచితం. నచ్చితే మంచం కొనుక్కోవచ్చు, లేకపోతే ఏళ్ల తరబడి వచ్చి పడుకోవచ్చు. పొద్దున్నే వెళ్లేసరికి గుమ్మం బయట చెప్పుల వరుస. లోపల ఎక్కువమంది నా వయసు ఆడవాళ్లే. నడిపే అమ్మాయి మైకు పట్టుకుని పేరుపేరునా పలకరిస్తుంది. మొదట అందరూ చప్పట్లు కొడతారు, తర్వాత ఎవరైనా లేచి తమకు ఏం తగ్గిందో చెప్పాలి, మళ్లీ చప్పట్లు.

వదిన లోపలికి రాగానే నలుగురైదుగురు లేచి చోటిచ్చారు. మూల మంచం ఆమెకోసం ఖాళీగా ఉంచారు.

"అమ్మ చెప్పినంకనే నేను రావట్టిన" అని నాతో అంది కిరాణా దుకాణం ఆయన భార్య. లావుపాటి మనిషి, నవ్వు ముఖం. "వచ్చుడే గాదు, ఇంటికి మంచం గూడ కొన్న."

వదిన ఆ మాట విననట్టు కళ్లు మూసుకుంది. నేనప్పుడు పట్టించుకోలేదు.

నేను కూడా పడుకున్నాను. బాగుంది. చాలా నెలల తర్వాత పగటిపూట నిద్రపోయాను. లేచాక పక్కావిడ మంచినీళ్లిచ్చి, మా ఊరు, మా పిల్లలు, అన్నీ అడిగింది. నేను ఆయన పోయిన సంగతి చెప్పాను, ఆమె వాళ్లాయన సంగతి చెప్పింది. ఇంత పొద్దున్నే ఇంతమంది ఎందుకొస్తారో అర్థమైంది. గోడ మీది కాగితంలో మాత్రం షుగరు నుంచి నిద్రలేమి దాకా ఈ మంచంతో తగ్గే జబ్బులు రాశారు. ఒక్క మంచం ఇన్ని పనులు చేస్తుందనగానే నాకున్న కాస్త నమ్మకం కూడా పోయింది.

బయటికొచ్చాక వదిన రెండు మెట్లు దిగడానికి నా భుజం పట్టుకుంది. ఆమె బరువంతా నా మీద పడింది. ఏడాదిగా ఈ సెంటర్‌కు వస్తున్న మనిషి.

"సూర్యాపేటలో ఎముకల డాక్టరు ఉన్నాడు. కోయించుకోవద్దు వదినా. ఊరికే ఏముందో తెలుసుకుందాం" అన్నాను.

ఆమె నా భుజం పట్టుకునే ఆటో ఎక్కింది. ఎక్కాక, "ఊరికేనా? ఒట్టు?" అంది.

డాక్టరు నలభై ఏళ్ల లోపు మనిషి. ఎక్స్‌రేను వెలుగులో పెట్టి, పై ఎముకకు, కింది ఎముకకు మధ్య ఉండాల్సిన సందు కుడికాలిలో దాదాపు లేదని చూపించాడు. ఎడమకాలు కొంచెం నయం. దారులన్నీ వరసగా చెప్పాడు. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, మాత్రలు. ఇంజెక్షన్లు కొన్నాళ్లు పనిచేయవచ్చు. సన్న గొట్టం పెట్టి లోపల శుభ్రం చేయడం ఇంత అరిగినదానికి దండగ. సగం కీలు మార్చే ఆపరేషన్ కొందరికి సరిపోతుంది, ఈమెకు కాదు. మిగిలింది పూర్తి కీలు మార్పిడి.

"మెషిన్లతోటి తగ్గది అంటరా సారూ?" అంది వదిన.

"వేడికి నొప్పి తగ్గుతదమ్మా, అబద్ధం కాదు. పెట్టుకోండి. కానీ అరిగిపోయింది తిరిగి రాదు."

"ఆపరేషన్ చేస్తె పానం మీదికొస్తదా?"

"వందలో ఏ ఒకరికో ఇబ్బంది రావచ్చు. రానే రాదని చెప్తే నన్ను నమ్మకండి. గుండె, షుగరు పరీక్షలు చేసి, బాగుంటేనే ముట్టుకుంటా."

ఆమె కాసేపు ఎక్స్‌రేనే చూసింది. "మీ అమ్మకైతే చేస్తరా?"

"మా అమ్మ వద్దన్నది. నేను బలవంతం చెయ్యలే. ఇప్పుడు గుమ్మం దాటదు." ఆయన ఎక్స్‌రే తీసి కవర్లో పెట్టాడు. "చేయించుకున్నవాళ్లు మీ చుట్టాల్లో ఉంటారు. పోయి చూడండి. వాళ్లు చెప్పేదే కాదు, నడక చూడండి."

ఉన్నారు. వదిన మరిది భార్య కోదాడలో ఉంటుంది. రెండు మోకాళ్లూ మార్పించుకుంది. అప్పుడు వదిన వెళ్లి పరామర్శించలేదు, ఫోన్‌తో సరిపెట్టింది. ఆపరేషన్ మాట వినడం ఇష్టం లేక. ఇప్పుడు మేమిద్దరం మిర్యాలగూడలో బస్సెక్కి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లాం. డ్రైవరు వెనక సీటు దొరికింది కాబట్టి వదిన కాలు చాపుకుంది. దారి పొడుగునా వరినాట్లు పడుతున్నాయి. ఆమె పొలాలు చూస్తూ ఏ మడిలో నాటు ముదిరిందో చెప్పుకుంటూ వచ్చింది. మోకాళ్ల గురించి ఒక్క మాట లేదు.

ఆ తోటికోడలు మా ఆటో చప్పుడు విని మేడ మీద నుంచి దిగి వచ్చింది. వదిన ఆమె ముఖం చూడలేదు. కాళ్లు చూసింది. ఒక్కో మెట్టు మీద ఒక్కో కాలు, గోడ పట్టుకోకుండా.

"ఏంటక్కా, నా కాళ్లకు దండం పెడతావా ఏంటి, అట్టా చూస్తన్నావు?" అందామె. కోదాడ మాటలో ఆంధ్ర యాస ఎక్కువ.

"పెడతనే. మళ్ల ఎక్కి సూపియ్యి."

ఆమె నవ్వి ఎక్కింది, దిగింది. లోపలికి వెళ్లాక చీర కొంచెం పైకి లాగి మచ్చలు చూపించింది. మోకాలి చిప్ప మీదుగా నిలువుగా, పాతబడిన గీతలు. వదిన వేలితో తడిమి చూసింది.

"మొదటి నెల ఎవరి మాటా నమ్మబాకు" అంది ఆమె. "నా మాట కూడా. వ్యాయామం చేయించే పిల్ల వచ్చి కాలు వంచమని పట్టుకుంటే ఆయన్ని, డాక్టర్ని, అందర్నీ తిట్టాను. ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చాను. తర్వాత ఒకరోజు కూరగాయల బండి దగ్గరికి నేనే వెళ్లొచ్చాను. వచ్చాక తెలిసింది, వెళ్లొచ్చానని."

"కింద కూసుంటవా?"

"లేదు. అది పోయింది. పూజ కుర్చీలోనే. కింద కూర్చోవడం ఎటూ పోయిందిగా నీకు, ఇంకేం పోద్ది?"

ఆ ఇంట్లోనూ మూలన ఒక పాదాల పెట్టె ఉంది. దాని మీద ఆవకాయ జాడీ పెట్టుకున్నారు. వదిన అది చూసి, "మీ ఆయన గూడ కొన్నడా?" అంది. ఇద్దరూ కలిసి అన్నదమ్ముల్ని చాలాసేపు ఆడిపోసుకున్నారు.

తిరుగు బస్సులో హుజూర్‌నగర్ దాటాక వదిన అంది: "డాక్టర్‌కు ఫోన్ జెయ్యి. పరీక్షలు జేయమను."

పరీక్షలు బాగా వచ్చాయి. గుండె పరీక్ష గది బయట నేనే ఎక్కువ భయపడ్డాను. తెర మీద తన గుండె కొట్టుకోవడం చూసి వచ్చి, "మంచిగనే ఉన్నదట, మొండిదట" అని ఆమే నాకు ధైర్యం చెప్పింది. ముందు కుడి మోకాలికి తారీకు ఖాయమైంది. నేను సూర్యాపేట వచ్చి ముందుగదిలో మంచం వేయించాను. మా ఇంట్లో మెట్లు లేవు, దవాఖాన కూడా దగ్గరే, అందుకే ఆపరేషన్ అయ్యాక నా దగ్గరే ఉండాలని అనుకున్నాం.

ఆ తారీకుకు వారం ఉందనగా ఫోన్ వచ్చింది. "నేను రాను మరదలా. ఒద్దు" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తమ్ముడు గుర్తొచ్చి ఉంటాడు అనుకున్నాను. మర్నాడు మిర్యాలగూడ వెళ్తూ బస్సులో ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఆయన విషయంలో ఏది తప్పో నాకు తెలియదు. తెలిసినట్టు నటించి ఆమెను ఒప్పించడం నాకు ఇష్టం లేదు. భయమైతే భయమే, వద్దంటే వద్దు, ఆ మాటే చెబుదామనుకున్నాను.

వెళ్లేసరికి అన్నయ్య భోజనం చేస్తున్నాడు. వదిన వడ్డిస్తూ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. నేను చెప్పదలచుకుంది చెప్పాను. ఆమె సాంతం విని అంది:

"భయం గాదు. భయమైతే సద్దుకుందును. నేను మైకుల జెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"సెంటర్ల. ఆ పిల్ల రోజు అడుగుతది, అమ్మా మీరొక్క మాట చెప్పుండ్రి అని. మూల మంచం నాకోసం ఆపుతది. నీళ్లు తెచ్చిస్తది. ఎంతకని లేదంట? లేసి నిలబడి, బారాణా తగ్గింది అన్న."

బారాణా అంటే పదహారణాల రూపాయిలో పన్నెండణాలు. వాళ్ల ఇంట్లో ఇప్పటికీ లెక్క అలాగే చెబుతారు. నొప్పిలో నాలుగో వంతే మిగిలిందని ఆమె మైకులో చెప్పింది. నిజానికి ఎంత తగ్గిందని అడిగాను.

"పడుకున్నంతసేపు తగ్గుతది. లేస్తె మల్ల ఎప్పటి లెక్కనే."

"అంతే కదా వదినా. మర్యాదకు ఒక మాట అన్నవ్."

"మర్యాద గాదే. నా మాట మీద వడ్లు కొన్నరు, బియ్యం కొన్నరు ఈ ఊర్ల. నేను పాత బియ్యమంటే పాత బియ్యమే. కిరాణా కొట్టామె నా మాట ఇని మంచం కొన్నది. ఇప్పుడు నేను పోయి మోకాళ్లు కోయించుకుని వస్తె, ఆమె ముఖం ఎట్ల సూడాలె? గంత తగ్గిన కాలును ఎందుకు కోయించుకున్నవ్ అంటె ఏం జెప్పాలె?"

నేను నవ్వబోయి ఆపుకున్నాను. ఆమె ముఖంలో నవ్వు లేదు. తమ్ముణ్ణి తీసుకుపోయిందనుకున్న కత్తికి ఒప్పుకున్న మనిషి, మొహమాటానికి అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. చేయించుకోకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ కిటికీ, ఆ కుర్చీ, తర్వాత మంచం. అది కూడా ఆ మాటకంటే చిన్నదిగా కనిపించింది ఆమెకు.

అన్నయ్య మజ్జిగ కలుపుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "కాంటా కాలేదు గద ఇంకా."

వదిన ఆయన వైపు చూసింది.

ఆ మాట నాకు అర్థమైంది, ఎందుకంటే అంతకు ముందు నేను అక్కడున్నప్పుడే ఒకటి జరిగింది. బియ్యం లారీ ఒకటి బయల్దేరాల్సి ఉంది. కొనేవాళ్లకు ముందు పంపిన శాంపిల్‌లో కంటే లోడులో నూక ఎక్కువుందని అన్నయ్య చూశాడు. లారీ కాంటా ఎక్కకముందే తానే ఫోన్ చేసి చెప్పాడు. ఎందుకు చెప్పారని నేనడిగితే, "ముందుగాల చెప్తె రేటు కొంచెం కట్ జేస్తడు చెల్లె, గంతే. తూకమేసి పంపినంక బయటపడితే మల్ల మన ఫోన్ ఎత్తడు" అన్నాడు. వాళ్ల నాన్న కాలం నుంచి ఆ మిల్లులో అదే పద్ధతి. శాంపిల్ తప్పితే కాంటాకు ముందు మనమే చెప్పాలి. అలా చెప్పినవాణ్ణి ఎవరూ చిన్నచూపు చూడరు.

వదిన గరిటె గిన్నెలో పెట్టింది. "రేపు పొద్దుగాల సెంటర్‌కు పోదాం" అంది నాతో. ఆయనతో, "ఇన్ని దినాలు ఈ మాట ఎందుకనలేదు?" అంది.

"నువ్వు చెప్తె గద. రాను, ఒద్దు అంటవ్. నాకేం తెలుసు, ఇంకో మెషిన్ సూస్తున్న" అన్నాడాయన.

మర్నాడు చప్పట్లయ్యాక వదిన చెయ్యెత్తింది. ఆ అమ్మాయి సంబరంగా మైకు తెచ్చిచ్చింది. వదిన నా భుజం పట్టుకుని లేచింది.

"నేను పోయినసారి బారాణా తగ్గిందని చెప్పిన" అంది. "శాంపిల్ తప్పు. ఈడ పండుకుంటె నాకు హాయిగ ఉంటది, నిద్ర వస్తది, మీరంతా కలుస్తరు. గది నిజం. మోకాళ్లు మాత్రం తగ్గలే. వచ్చే వారం ఆపరేషన్ చేయించుకుంటున్న. నా మాట మీద ఎవరన్న వచ్చుంటె, మీ కాలు ఎట్లుందో మీరే సూసుకోండ్రి, నా మాట పక్కన పెట్టుండ్రి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎప్పుడు కొట్టాలో తెలియక కావచ్చు. మంచాల మోటార్ల చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయి ముఖం కొంచెం వాడింది. కానీ మైకు తీసుకుని, "అమ్మ ఆపరేషన్ మంచిగ కావాలె అని అందరం చప్పట్లు కొడదాం" అంది. అందరూ కొట్టారు.

వదిన వెళ్లి కిరాణా దుకాణం ఆమె ముందు నిలబడింది. "నా మాట ఇని కొన్నవ్" అని మొదలుపెట్టింది.

"నీ మాట ఇని ఎందుకు కొంట?" అందామె, పడుకునే. "రోజు నువ్వు ఆ రెండు మెట్లు దిగేది నేను సూస్తలేనా? గవి తగ్గిన మోకాళ్లా? నా నడుముకు పడ్డది, కొనుక్కున్న. మా ఆయన దుకాణం నుంచి వచ్చి నాకంటె ముందు పండుకుంటుండు. నువ్వు పోయి మంచిగ కోయించుకో. బారాణా అన్ననాడే నేను నవ్వుకున్న."

"మరి అప్పుడే అనకపోయినవ్?"

"నువ్వు మైకుల జెప్తుంటె ఎట్లంట అమ్మా? బాగుంటదా?"

వదిన మెట్లు దిగేటప్పుడు మళ్లీ నా భుజం పట్టుకుంది. ఈసారి నొప్పికి ఆగలేదు, నవ్వుకు ఆగింది. "నేను ఆ పిల్ల మొహమాటానికి చెప్పిన, ఇది నా మొహమాటానికి ఊకున్నది" అంది. "ఊరంత గిట్లనే ఉన్నట్టున్నం."

ఆపరేషన్ రోజు నేను, అన్నయ్య బయట బెంచీ మీద కూర్చున్నాం. హైదరాబాద్‌లో అలాంటి బెంచీ మీదే కూర్చున్నాను. ఫినాయిల్ వాసన అదే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. సంచిలో పుస్తకం ఉంది, తీయలేదు. అన్నయ్య ఫోన్లో ఏదో చూస్తున్నాడు. మెషిన్లేమో అనుకున్నాను. వంగి చూస్తే తెర నల్లగా ఉంది, ఊరికే చేతిలో పట్టుకున్నాడు.

డాక్టరు వచ్చి, "అయిపోయింది, బాగుంది, మాట్లాడుతోంది" అన్నాడు. మాట్లాడుతోంది అన్న మాట విన్నాక నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. అన్నయ్య నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం కాసేపు బయటి ఆటోలను చూశాం.

మా ఇంటి ముందుగదిలో ఆమె ఉన్న రోజుల్లో నాకు తీరిక లేదు. కాలు వంచడం నేర్పే అమ్మాయి రోజూ వచ్చేది. వదిన ఆ అమ్మాయిని తిట్టింది, నన్ను తిట్టింది, కోదాడకు ఫోన్ చేసి "ఎందుకు సూపిచ్చినవే నీ కాళ్లు" అని తోటికోడలిని తిట్టింది. అవతల ఆమె పకపకా నవ్వడం నాకు కూడా వినిపించింది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని ఆ అమ్మాయి నేర్పితే, "మంచికాలు ఏదో నాకెట్ల తెలుస్తది బిడ్డా, రెండూ దొంగలే" అంది.

ఇన్ని వస్తువుల్లో చివరికి పనికొచ్చినవి వాకర్, ఐసు సంచి, బాత్‌రూమ్ గోడకు బిగించిన కడ్డీ. అన్నయ్య తెచ్చిపెట్టిన పాదాల పెట్టె కూడా పనికొచ్చింది. దాని మీద కాలు ఎత్తి పెట్టుకునేది, స్విచ్ వేయకుండా.

ఒకరోజు మా ఆయన వాచీ తీసి వదినకు ఇచ్చాను. అడుగులు లెక్కపెడుతుందని చెప్పాను.

"నాకు లెక్కలొద్దు. టైమ్ సూపిస్తదా?"

"చూపిస్తది."

"అయితే కట్టు." చెయ్యి చాపింది. పట్టీ ఆమె మణికట్టుకు వదులైంది. ఆఖరి రంధ్రంలో బిగించాను. కాసేపు దాన్ని చూసుకుంది. "వాడు నడిచినన్ని నేను నడుస్తనా" అంది. ఆమె వాకర్ దగ్గరికి లాక్కుని లేచింది.

తర్వాత ఒక పొద్దున నేను లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. ఆ ఇంట్లో నేను చేయని చప్పుడు విని చాలా కాలమైంది. వెళ్లి చూస్తే వదిన పొయ్యి దగ్గర నిలబడి చాయ్ కాస్తోంది. వాకర్ ముందుగదిలోనే ఉంది.

"చక్కెర ఎక్కడ దాసిపెట్టినవ్? ఇల్లంతా పుస్తకాలు పెడతవ్, ఒక్క డబ్బా మీద పేరు రాయవు" అంది.

దీపావళి దాటాక వానాకాలం వడ్లు మిల్లుకు రావడం మొదలైంది. నేను ఆమెను దిగబెట్టడానికి వెళ్లి రెండు రోజులున్నాను. రెండో రోజు పొద్దున గేటు దగ్గర ట్రాక్టర్ల వరుస ఉంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి చూసి, చీర కొంగు దోపుకుని, మెట్ల దగ్గరికి వచ్చింది. రైలింగ్ పట్టుకుని ఆపరేషన్ కాలు ముందు వేసి దిగింది. నేను రెండు మెట్లు ముందు నడిచాను. వెనక్కి చూస్తే, "నా కాళ్లు సూడకు, మెట్లు సూసుకో" అంది.

ట్రాలీ ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. పాలకీడు వైపు రైతు ఒకాయన రాశి లోపలి నుంచి గుప్పెడు తీసి కిందికి అందించాడు. వదిన అరచేతుల మధ్య నలిపి ఊదింది. పొట్టు వాచీ మీద పడితే కొంగుతో తుడిచింది. ఒక గింజ కొరికింది.

"నిన్న కోసి గియ్యాల తెచ్చినవ్ అన్నా. ఇంకా ఆరాలె."

"గా మెషిన్ గూడ గట్లనే అన్నదమ్మా" అన్నాడతను. "మెషిన్ ఒక్కటంటె కొట్లాడుదును. ఇద్దరంటుండ్రు, ఇగ ఏం జేస్త?"

ఆవరణలో ఒక పక్క ఆరబోసుకోమని అన్నయ్య చోటు చూపించాడు. వదిన తర్వాతి ట్రాక్టర్ దగ్గరికి నడిచింది. కుడికాలు నిటారుగా పడుతోంది. ఎడమకాలు ఇంకా కొంచెం ఈడుస్తోంది. ఆ తేడా ఆమెకే ముందు తెలిసింది.

"ఇది గూడ చూపియ్యాలె" అంది ఎడమ మోకాలు తట్టి.

"ఎప్పుడు వదినా?"

"ఈ సీజన్ అయినంక. ముందుగదిల మంచం తియ్యకు, గట్లనే ఉండనియ్యి." ఆమె రెండో ట్రాలీ వైపు చెయ్యి చాపింది. "మల్ల నీ ఇంట్లనే ఉంట. ఈసారి చక్కెర డబ్బా మీద పేరు రాసి పెట్టు."